కట్ట మీది తల్లికి ఒక కృతి: పాఠాలు చెప్పుకుంటూ కొత్త పాట కట్టే పద్ధతి

కాజీపేటలో పొద్దున రైలెక్కితే జనగామ వచ్చేదాకా నాకు ఎవరూ ఫోన్ చెయ్యరు. దాదాపు ముప్పావుగంట. ఇరవై రెండేళ్లలో నేను కట్టిన కృతుల్లో, అంటే కర్ణాటక సంగీతపు పాటల్లో, సగానికి పైగా ఆ ముప్పావుగంటల్లో పుట్టినవే. ఇల్లు హనుమకొండలో, కొలువు హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీ సంగీత శాఖలో. వారానికి నాలుగు రోజులు ఈ ప్రయాణం. కిటికీ పక్కన సీటు, ఒళ్లో నోటుబుక్కు, తొడ మీద తాళం.

ఎం.ఏ. చదివే పిల్లలు, మ్యూజిక్ కాలేజీలో డిప్లొమా చేసి వచ్చినవాళ్లు ఏటా అడిగే మాట ఒకటుంది. “మేడం, నాకూ సొంతంగా కృతి కట్టాలని ఉంది. కానీ పెద్దవాళ్లు ఇన్ని కట్టి పెట్టాక మనం కట్టేదేముంది?” వాళ్లకు నేను చెప్పేది ఇది. తిరుమల సంకీర్తన భాండాగారంలోని అన్నమయ్య రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరాలు లేవు. ఇవాళ మనం పాడుకునే అన్నమయ్య వరసలు దాదాపు అన్నీ గత వందేళ్లలో కట్టినవే. అలా కట్టినవాళ్లలో మొదటి వరుసలోని రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మైసూరు మహారాజా కాలేజీలో దశాబ్దాల పాటు తెలుగు పాఠం చెప్పారు. పగలు పిల్లలకు పద్యం చెప్పిన నోరే ఆ సంకీర్తనలకు వరస కట్టింది. కాబట్టి మనం కట్టేది చాలా ఉంది. పాఠం చెప్పే కొలువు దానికి అడ్డు కాదు, సరిగ్గా వాడుకుంటే అదే పెద్ద ఆసరా.

పద్ధతి ఊరికే చెబితే పట్టుబడదు. అందుకే నేను కట్టిన ఒక్క పాటనే పట్టుకుని, అది ఎక్కడ చెడిందో, ఎలా బాగుపడిందో చెబుతాను.

ముందు మాట, తర్వాత వరస

మాది నర్సంపేట వైపు ఊరు. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక మా ఊరి చెరువులోనూ పూడిక తీశారు. ఆ తర్వాత ఒక వానాకాలం చెరువు అలుగు పారింది. చూడ్డానికి వెళ్లినప్పుడు కట్ట మైసమ్మ గుడి దగ్గర మా ఇంటివైపు అవ్వలు నలుగురు కూర్చుని ఉన్నారు. కట్ట మైసమ్మ అంటే మా వైపు చెరువు కట్ట మీద కొలువుండి, గండి పడకుండా కాచే తల్లి. ఆమె మీద జానపదాలు ఉన్నాయి, బోనాల పాటలు ఉన్నాయి. కృతి మాత్రం నేనెప్పుడూ వినలేదు. ఆ రోజే కట్టాలనుకున్నాను.

ఇక్కడ మొదటి సలహా. విషయం దొరకగానే హార్మోనియం దగ్గరికి, శ్రుతి పెట్టె దగ్గరికి పరుగెత్తకండి. ఆ విషయం గురించి మనుషులు ఎలా మాట్లాడుకుంటారో ముందు వినండి. నేను ఆ అవ్వల మాటలు వాళ్లనడిగి ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. వాళ్లు “మైసమ్మ” అని ఊరికే అనరు, “కట్ట మీది తల్లి” అంటారు. “పంట బతికింది” అనరు, “వరి పొట్టకొచ్చింది, ఇగ భయం లేదు” అంటారు. నాకు కావలసిన మాటలు అక్కడే దొరికాయి.

పల్లవి ఇలా వచ్చింది:

కట్ట మీది తల్లీ మము గావవే

అనుపల్లవి:

గట్టు తెగక నీటిని నిలిపి
పొట్టకొచ్చిన వరిని బతికించి

ప్రాస చూడండి: కట్ట, గట్టు, పొట్ట. రెండో అక్షరం అంతటా ‘ట్ట’. చరణం కూడా “మట్టి తట్టలెత్తిన మా అవ్వల” అని ఎత్తుకుంటుంది. పల్లవిలో యతి కూడా కుదిరింది. ‘కట్ట’లో క, ‘గావవే’లో గా, రెండూ యతికి చెల్లే అక్షరాలే. ప్రాస కోసం నిఘంటువు వెతకాల్సి వస్తే ఆ లైను ఇంకా పండలేదని అర్థం. ఊరి మాటల్లోనే ప్రాస దొరికేదాకా ఆగండి. “మట్టి తట్ట” అన్న మాట దొరకడానికి నాకు మూడు వారాలు పట్టింది. అది కూడా బజారులో కూలీకి పోతున్న ఒకావిడ నోట విన్నాను.

లైను రాశాక దాన్ని పాడకండి. పదిసార్లు మామూలుగా అనండి. ఇంట్లో వాళ్లతో అనిపించండి. నాలుక ఎక్కడ నొక్కుతోంది, ఎక్కడ జారుతోంది, ఊపిరి ఎక్కడ ఆగుతోంది, పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. నా దృష్టిలో వరస కట్టడంలో సగం పని అక్కడే అయిపోతుంది. ఈ పనే మనవాళ్లు ఎక్కువగా దాటేస్తారు.

రాగం

నీళ్ల పాట అనగానే నా దగ్గరికి వచ్చే పిల్లల్లో పదిమందికి తొమ్మిదిమంది అమృతవర్షిణి ఎత్తుకుంటారు. మంచి రాగమే. కానీ అది వాన రాగం అన్న మాట ముందే చెవిలో పడి ఉంటుంది కాబట్టి ఎత్తుకుంటారు, వాళ్ల పాట అడిగిందని కాదు. నా పాటలో వాన లేదు. నిలిచిన నీరు ఉంది, దాని కింద పొలం ఉంది. నేను కేదారగౌళ తీసుకున్నాను. కేదారం అంటే మడి. పేరు కుదిరిందన్నది తర్వాతి సంగతి, అసలు కారణం రాగం నడక. 28వ మేళం (మూల రాగం) హరికాంభోజిలో పుట్టిన జన్యం. ఎక్కేటప్పుడు గాంధారం, ధైవతం లేకుండా స రి మ ప ని స అని ఎక్కుతుంది. దిగేటప్పుడు అన్ని మెట్లూ తాకుతూ దిగుతుంది. దిగి రిషభం మీద నిలబడుతుంది. ఆ నిలబడడమే నాకు కావాలి.

ఏ రాగమైనా అందులో ఒక వర్ణం (రాగం నడక చూపే అభ్యాస రచన), కనీసం రెండు కృతులు నోటికి రాకుండా సొంత కృతి మొదలు పెట్టకండి. ఆరోహణ, అవరోహణ చూసి కట్టిన పాటలో రాగం కనిపించదు, మెట్లు కనిపిస్తాయి.

స్థాయి సంగతి కూడా ముందే చూసుకోవాలి. మంద్ర (కింది స్థాయి) పంచమం కింద, తార (పై స్థాయి) మధ్యమం పైన రాస్తే పది గొంతుల్లో ఇద్దరో ముగ్గురో మాత్రమే పాడగలుగుతారు. పల్లవి మధ్య స్థాయిలో, అనుపల్లవి తార షడ్జం వైపు, చరణంలో రెండూ. ఇది పాత దారి. ఆ దారి విడిచిపెట్టడానికి నాకు ఇంతవరకు గట్టి కారణం కనపడలేదు.

కట్ట కాటి అయిన రోజు

ఇప్పుడు నా తప్పు చెబుతాను. ఈ మొత్తంలో మీకు ఎక్కువ పనికొచ్చేది ఇదేనని నా నమ్మకం.

మొదటి వరసలో పల్లవిని ఆది తాళంలో సమం మీద, అంటే తాళం మొదలయ్యే చోట, ఎత్తాను. ఆది తాళంలో ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది లెక్కలు: మొదట నాలుగు, తర్వాత రెండేసి లెక్కల ద్రుతాలు రెండు. మొదటి దెబ్బ మీదే ‘క’ పడుతుంది. గంభీరంగా ఉండాలని ఆ ‘క’ను రిషభం మీద ఊపుతూ ఒక అక్షర కాలమంతా సాగదీశాను. నా గొంతులో నాకు బాగానే వినిపించింది. నేను రాసిన మాట నాకు తెలుసు కదా, చెవి దాన్నే వింటుంది. తరగతిలో ఇద్దరు మెచ్చుకున్నారు కూడా.

ఆ దసరా సెలవుల్లో ఊరికి వెళ్లి, గుడి దగ్గర ఆ అవ్వల ముందే కూర్చుని పాడాను. పల్లవి రెండుసార్లు పాడేసరికి అందరికంటే పెద్దామె చెయ్యెత్తి ఆపింది. “గదేంది బిడ్డా, కాటి మీది తల్లీ అంటున్నవ్? కట్ట మీదున్న తల్లిని కాటికి తీస్కపోతివి గదా!”

నాకు నోట మాట రాలేదు. ఊరిని కాచే తల్లిని, ఆమె గుడి ముందరే, ఊరి జనం వినేటట్టు శ్మశానంలో నిలబెట్టి పాడాను. ఆమె తప్పేమీ అనలేదు. ‘కట్ట’లో ‘క’ సాగితే ‘కాట’ అవుతుంది. రాగం ఊపులో ఒత్తు కరిగిపోయి ‘కాటి’గా వినబడింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తిరుగు ప్రయాణంలో రైల్లో ఆ ఒక్క మాట పట్టుకుని కూర్చున్నాను. ‘కట్ట’ అన్నప్పుడు నాలుక ‘ట్ట’ దగ్గర ఒక్క క్షణం ఆగి, తర్వాత విడుస్తుంది. బరువు అక్కడుంది. ‘క’ ఊరికే మెట్టు. అంటే దెబ్బ పడాల్సింది ‘ట్ట’ మీద, ‘క’ మీద కాదు. అందుకని సమం మీద మొదటి దెబ్బ వేసి, సగం అక్షరం ఆగి ఎత్తుకున్నాను. ఇలా:

, రి మా పా మ గ | రీ స రిమ | పా మ గరి ||
, క ట్ట మీ ది త | ల్లీ . మము | గా వ వే ||

అక్షరానికి రెండు మాత్రల లెక్కన చదవండి. కామా ఒక మాత్ర విరామం. రిమ, గరి అని కలిపి రాసినవి రెండూ కలిసి ఒకే మాత్ర. ‘క’ దెబ్బల మధ్యలో పొట్టిగా పడి, ‘ట్ట’ సరిగ్గా రెండో అక్షరం మీద దిగి మధ్యమం మీద నిలుస్తుంది. ‘తల్లీ’కి కూడా అంతే: ‘త’ నాలుగో అక్షరం చివర పొట్టిగా, ‘ల్లీ’ ద్రుతం మొదటి దెబ్బ మీద పొడుగ్గా. ఒక మాటను సరిదిద్దితే రెండో మాట దానంతటదే సర్దుకుంది. యతి అక్షరం ‘గా’ రెండో ద్రుతం దెబ్బ మీద పడింది. ఇవేవీ నేను లెక్క వేసి పెట్టలేదు. మాట తన చోటు తాను వెతుక్కుంది.

కాబట్టి ఇది నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి: ద్విత్వం ఉన్న మాటలో ఒత్తుకు ముందున్న హ్రస్వాన్ని సాగదీయకూడదు. సాగదీయాలంటే ఒత్తు తర్వాతి అచ్చును సాగదీయండి. అమ్మ, అక్క, తట్ట, మెట్ట, నువ్వు, పువ్వు... తెలుగులో సగం మంచి మాటలు ఇలాంటివే. దీర్ఘం మీద, మాట చివర ఎంత గమకం (స్వరాన్ని ఊపడం) వేసినా తెలుగు తట్టుకుంటుంది.

సంగతులు

సంగతి అంటే అదే లైనును కొద్దిగా మార్చి మళ్లీ పాడే తీరు. పల్లవికి మూడు సంగతులు చాలు. ఒక్కో సంగతిలో ఒక్క చోటే మార్చండి. మొదట చివర మార్చండి, తర్వాత మధ్యలో, ఆ తర్వాతే పై స్థాయికి వెళ్లండి. ఎనిమిది, పది సంగతులు రాసుకొచ్చే పిల్లలు ఉన్నారు. పాడి చూపించమంటే వాళ్లకే గుర్తుండవు. పాడే మనిషికి తన సంగతి తాను వేసుకునే జాగా కొంచెం వదలాలి.

తరగతిలో

ఇక్కడ పాఠం చెప్పే కొలువు ఎంత పనికొస్తుందో చూడండి. కొత్త కృతిని పిల్లలకు కాగితం ఇవ్వకుండా నోటి పాఠంగా చెబుతాను. శనివారం ఆఖరి పదిహేను నిమిషాలు, అంతే. సిలబస్ కృతులు, పరీక్షవి ముందు. మన పాటల కోసం వాళ్ల పాఠం కోయడం అన్యాయం. ఒకసారి చెప్పాక వారం రోజులు దాని ఊసెత్తను. వచ్చే శనివారం ఒక్కొక్కరిని పాడమంటాను, తప్పు దిద్దను. ఎక్కడెక్కడ మార్చి పాడారో రాసుకుంటాను.

ఈ పాటకు ఆ ఏడు తరగతిలో పద్నాలుగు మంది. ‘బతికించి’ దగ్గర ‘తి’ మీద నేనొక అందమైన మలుపు పెట్టాను. పదకొండు మంది దాన్ని వదిలేసి ‘కిం’ మీద ఆగారు. మొదట మనసు చివుక్కుమన్నది. తర్వాత ‘బతికించి’ అని పైకి అని చూసుకున్నాను. ఆ మాటలో ఉన్న ఒకే ఒక్క గురువు ‘కిం’. నేను సాగదీస్తే ‘బతీకించి’ అవుతోంది. కాటి దగ్గర చేసిన తప్పే మళ్లీ చేశాను. పిల్లలు నేర్చుకున్నట్టే మార్చేశాను. ములుగు నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె “మేడం, మేమే తప్పు పాడినమనుకున్నం” అంది. మీరు పాడిందే పాట అని బోర్డు మీద స్వరం రాసి చూపించాను.

పదిమంది ఒకే చోట తప్పు పాడితే తప్పు పాటలో ఉంది. ఒక్కరే తప్పు పాడితే ఆ పిల్లకు ఇంకోసారి చెప్పాలి. ఈ తేడా తెలియడానికి ఇంట్లో ఒంటరిగా కూర్చుంటే కుదరదు, తరగతి కావాలి.

కాగితం మీద

ఫోన్‌లో రికార్డు ఉంది కదా అని స్వరం రాయకుండా ఉండొద్దు. సుబ్బరామ దీక్షితులు తన సంగీత సంప్రదాయ ప్రదర్శినిని 1904లో తమిళనాడులోని ఎట్టయపురం నుంచి తెలుగు లిపిలో అచ్చు వేయించారు. ఒక్కో గమకానికి ఒక్కో గుర్తు పెట్టి మరీ రాశారు. నూట ఇరవై ఏళ్ల తర్వాత కూడా మనం తీసి చదువుకుంటున్నాం. అంత వివరంగా రాయలేకపోయినా స్వరం పైన, సాహిత్యం కింద, మాత్ర లెక్క తప్పకుండా, తార స్థాయికి పైన చుక్క, మంద్రానికి కింద చుక్క. మొదటి ప్రతి నుంచి చివరి ప్రతి దాకా ప్రతిదాని మీద తేదీ. పాత ప్రతులు చింపొద్దు.

తేదీ ఎందుకంటున్నానో చెబుతాను. పదిహేనేళ్ల కిందట నేను కట్టిన ఒక వరసను ఒక సంస్థ వాళ్లు అడిగి తీసుకుని, కచేరీలో పాడించి, సీడీ వేశారు. అట్ట మీద ‘సంప్రదాయం’ అని ఉంది. అడిగితే “పాతదనుకున్నాం” అన్నారు. నా దగ్గర తేదీ ఉన్న కాగితం ఒక్కటి కూడా లేదు. చాలా ఏడ్చాను. ఆ రోజు నుంచి చరణంలో ముద్ర, అంటే కట్టినవాళ్ల గుర్తు మాట, పెట్టడం, కాగితం మీద తేదీ వేయడం మానలేదు. నా ముద్ర ‘ఏకశిల’, మన ఓరుగల్లు పాత పేరు. ముద్రను అతికించినట్టు పెట్టకండి, అర్థంలో కలవాలి. ఈ పాటలో “పట్టి నీ పాదమే ఏకశిల పాడె” అని వస్తుంది.

ఎవరి మాట, ఎవరి వరస

సాహిత్యం, వరస రెండూ ఒకరే చేస్తే వాగ్గేయకారులు. అందరికీ రెండూ రావు, రాకపోతే చిన్నతనం ఏమీ లేదు. వేరేవాళ్ల కవితకు వరస కట్టేటట్టయితే ఒక లెక్క తెలిసి ఉండాలి. మన దేశంలో కవి చనిపోయిన ఏడాది తర్వాత 60 ఏళ్ల దాకా హక్కులు వారసులవి. కాళోజీగారు 2002లో పోయారు, అంటే ఆయన కవితల మీద హక్కు 2062 చివరిదాకా ఉంటుంది. దాశరథిగారు 1987లో పోయారు, వారివి 2047 దాకా. ముందు కుటుంబాన్ని అడిగి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. పోతనగారి పద్యానికి ఎవరినీ అడగక్కర్లేదు. మీరు కట్టిన వరస మీద హక్కు కట్టిన క్షణం నుంచే మీది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, రేపు గొడవ వస్తే సాక్ష్యంగా నిలబడుతుంది.

కొలువు

దీని గురించి క్లుప్తంగా. ఎం.ఏ.లో 55 శాతం, సంగీతంలో నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష) లేదా పీహెచ్‌డీ, ఇది మామూలు దారి. 2018 యూజీసీ నిబంధనల్లో ఇంకో దారి ఉంది. డిగ్రీ ఉండి, పేరున్న గురువు దగ్గర నేర్చుకుని, ఆకాశవాణిలో గానీ దూరదర్శన్‌లో గానీ ‘ఏ’ గ్రేడు కళాకారులై, శాస్త్రాన్ని వివరించి పాఠం చెప్పగలిగినవాళ్లను కూడా అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా తీసుకోవచ్చు. ఆకాశవాణిలో ‘బి’తో మొదలై ‘బి హై’, ఆ పైన ‘ఏ’. కాబట్టి ఆడిషన్‌ను పక్కన పెట్టకండి, ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకే వెళ్లండి. రెగ్యులర్ పోస్టు వచ్చేదాకా గెస్టు ఫ్యాకల్టీగా ఏళ్లు గడుస్తాయి. నాకు ఏడేళ్లు పట్టింది. ఆ ఏడేళ్లూ ఇంట్లో టెన్షన్, చేతిలో డబ్బు లేదు. కానీ తరగతి ఉంది, తరగతిలో గొంతులున్నాయి. ఆ రోజుల్లో కట్టిన పాటలు ఇప్పటికీ పిల్లలు పాడుతున్నారు.

సరిదిద్దిన పాటతో మళ్లీ ఊరికి వెళ్లింది మరుసటి ఏడు బోనాలప్పుడు. అదే అవ్వ, అదే గుడి మెట్లు. ఈసారి పల్లవి అయ్యేదాకా ఆమె ఏమీ అనలేదు. మూడోసారి పాడేటప్పుడు చప్పట్లు కొడుతూ తనూ అందుకుంది. శ్రుతి వేరు, రాగం ఆమెకు తెలియదు. కానీ ‘కట్ట’ దగ్గర ‘ట్ట’ను నాకంటే ఎక్కువసేపు నొక్కి పట్టి, చెరువు వైపు చూసి విడిచింది. అక్కడ నేను రాసిన మధ్యమం ఒక మాత్ర ఆలస్యంగా పలికింది. సంచిలోంచి నోటుబుక్కు తీసి, తేదీ వేసి, దాన్ని మూడో సంగతిగా రాసుకున్నాను.